ముక్కాయన మింగిన ముప్పై మాత్రలు

ఆ రోజు పొద్దున ఆకాశం విరిగిన పాలలా ఉంది. తెల్లటి ముద్దలన్నీ ఒకపక్కకి పేరుకుపోయి, మధ్యలో నీళ్ళలాంటి పలచటి నీలం మిగిలింది. మరుగుదొడ్డి గోడకి పైనున్న జానెడు కిటికీలోంచి ముక్కాయన దాన్ని చూస్తూ కూర్చున్నాడు. తెల్లవారాక అలా కూర్చోవడం అది నాలుగోసారి. అలాంటి పాలు క్యానులో వస్తే ఒక్క చూపు చూసి వెనక్కి పంపేసేవాడు. ఆకాశాన్ని వెనక్కి పంపే ఉద్యోగం ఆయనది కాదు.

పాలకేంద్రంలో ఆయన ఇరవై ఆరేళ్ళుగా ముక్కు. అసలు పేరు కాగితాల మీద ఉంది గానీ దాంతో పిలిచేవాళ్ళు లేరు. తెల్లవారుతూనే ట్రక్కుల్లోంచి క్యాన్లు ప్లాట్‌ఫారం మీదికి దిగుతాయి. ముక్కాయన మూత తిప్పి ఎత్తుతాడు, మొహం వంచుతాడు, ఒక్కసారి పీలుస్తాడు. అంతే. కొవ్వెంతో నీళ్ళెంతో యంత్రాలు చెప్పేది ఆ తర్వాత. పాలకి పక్కవాటి వాసన ఇట్టే పట్టేస్తుంది. ఆవు ఉల్లికాడలు మేసిందా, క్యాను పక్కన కిరోసిన్ డబ్బా పెట్టారా, పితికినవాళ్ళు చెయ్యి కడుక్కోలేదా, అన్నీ ఆయన ముక్కుకి తెలిసిపోతాయి. బాగుంటే తల ఊపుతాడు. బాగాలేకపోతే పక్కనున్న ఎర్రరంగు డబ్బాలో కుంచె ముంచి క్యాను మెడచుట్టూ ఒక్క గీత గీస్తాడు. ఎర్రమెడ పడిందంటే ఆ ఇంటి పాలు ఏడాదిపాటు ప్లాట్‌ఫారం ఎక్కవు. ఆయన మాటకి ఎదురు చెప్పినవాడు లేడు.

అలాంటి ముక్కు మూడు నెలలుగా తన వాసన తనే మోయలేక చస్తోంది.

మొదలైంది పంటితో. దవడ వాచింది. పళ్ళ డాక్టరు పది రోజులకి మాత్రలిచ్చాడు. వాపు తగ్గింది, పన్ను నిలిచింది, పదో రోజు కడుపు జారింది. మామూలు విరేచనమని మజ్జిగ తాగి ఊరుకున్నాడు. మూడో రోజుకి లెక్క తప్పింది. ఆ వాసన ఆయన ఇరవై ఆరేళ్ళలో ఏ క్యానులోనూ చూసింది కాదు. గుర్రపులద్దిలో పంచదార పోసి, మూత పెట్టి, ఎండలో వారం మరగబెట్టినట్టు, తియ్యగా, వెచ్చగా, గొంతులోకి దిగి కూర్చునే రకం. అది తనలోంచి వస్తోందని తెలిసి ఆయన మొదటిసారి కూర్చున్నచోటే వాంతి చేసుకున్నాడు. తర్వాత వాంతి రాలేదు. అసహ్యం మాత్రం పోలేదు. దుప్పటికి, చొక్కాకి, భార్య చేతులకి, తాగే నీళ్ళ గ్లాసుకి అంటుకుని ఇంట్లో కాపురం పెట్టింది.

పేగుల డాక్టరమ్మ ఒక క్రిమి పేరు చెప్పింది. నోరు తిరగని పేరు. పంటికి వేసుకున్న మాత్రలు కడుపులో ఉండాల్సిన మంచి క్రిముల్ని కూడా ఊడ్చేశాయట, ఖాళీ అయిన చోట ఇది జెండా పాతిందట. దీనికి వేరే మందు ఇచ్చింది. తగ్గింది. రెండు వారాలకి మళ్ళీ వచ్చింది. మళ్ళీ మందు, మళ్ళీ తగ్గడం, మళ్ళీ రావడం. ఎనభై కిలోల మనిషి యాభై తొమ్మిదికి దిగాడు. ప్యాంటు నిలవడానికి తాడు కట్టుకుంటున్నాడు. జబ్బు పూర్తిగా పోయిందని డాక్టరమ్మ కాగితం ఇస్తే తప్ప గేటు లోపలికి రావద్దని పాలకేంద్రం నుంచి కబురొచ్చింది. అది న్యాయమే. తన క్యానే ఇలా వస్తే తను మాత్రం లోపలికి రానిచ్చేవాడా?

మధ్యలో ఒక తమాషా కూడా జరిగింది. మొదటిసారి తగ్గినప్పుడు, పూర్తిగా పోయిందో లేదో పరీక్ష చేయిద్దామని ఆయనే డబ్బాలో పట్టి భార్య చేత ల్యాబుకి పంపించాడు. ల్యాబువాడు డబ్బా ఎత్తి చూసి తిరిగి ఇచ్చేశాడు. ఇది గట్టిగా ఉందమ్మా, డబ్బాలో పోస్తే డబ్బా ఆకారం పట్టేదే మేం తీసుకుంటాం, బాగున్నవాళ్ళది పరీక్షిస్తే ఊరికే లేనిపోని భయం అన్నాడట. ఆమె ఇంటికొచ్చి చెప్పింది. జీవితమంతా ఊళ్ళోవాళ్ళ క్యాన్లు వెనక్కి పంపినవాడికి తన క్యాను తిరిగి రావడం అదే మొదటిసారి. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన నవ్వలేదు.

ఆ పొద్దున భార్య తలుపు బయట బ్లీచింగ్ నీళ్ళ బకెట్టుతో నిలబడి ఉంది. ఆయన బయటికి రాగానే లోపలికెళ్ళి పీట, గోడ, గొళ్ళెం అన్నీ తుడిచింది. ఆయన కుళాయి దగ్గరికి వెళ్ళకుండా అలవాటుగా అరలోని సీసా తీసి సువాసన శానిటైజర్ చేతుల్లో పోసుకున్నాడు, రుద్దుకున్నాడు, వాసన చూశాడు. మల్లెపువ్వు. తల ఊపాడు. మూడు నెలలుగా ఆయన పద్ధతి అదే. వాసన పోతే మురికి పోయినట్టే. చేతికి ముక్కు తల ఊపాక ఇంక సబ్బెందుకు?

ఆ రోజు డాక్టరమ్మ రమ్మన్న రోజు. మందుతో లాభం లేదని, ఆరోగ్యంగా ఉన్న మనిషి మలంలోంచి మంచి క్రిముల్ని తీసి ఈయన పేగులోకి పంపాలని ముందే చెప్పింది. ఆ మాట విన్నప్పుడు ఆయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. తర్వాతి సంగతులన్నీ భార్యే చూసుకుంది. ఎవరెవరు పరీక్షలకి వెళ్ళారో ఆయన అడగలేదు. ఆ మాటెత్తితే లోపల ఉన్నది బయటికొచ్చేలా ఉండేది.

ఆసుపత్రి గది చిన్నది. బల్ల మీద ప్లాస్టిక్ పేగు ఒకటి, గులాబి రంగుది, దుమ్ము పట్టి ఉంది. నర్సు ఆయన చేతుల వంక చూసి, ఇంట్లో దేనితో కడుక్కుంటున్నారని అడిగింది. ఆయన గర్వంగానే సీసా సంగతి చెప్పాడు.

నర్సు కుర్చీ లాక్కుని కూర్చుంది. ఈ క్రిమి ఊరికే క్రిమిగా ఉండదని, విత్తనంలా గట్టి పెంకు కట్టుకుని గొళ్ళేల మీద, చేతుల మీద నెలల తరబడి పడుకుంటుందని చెప్పింది. ఆ సీసాలోది దాని పెంకుని ఏమీ చెయ్యలేదట. సబ్బు, ధారగా పడే నీళ్ళు, మోచేతుల దాకా ఓపిగ్గా రుద్దడం, ఇవే దాన్ని వదిలించేవట.

"విత్తనానికి వాసన ఉండదండీ. మీరు మూడు నెలలుగా దాన్ని చేత్తో పట్టుకుని అన్నం తింటున్నారు," అంది.

ముక్కాయన తన అరచేతులు చూసుకున్నాడు. మల్లెపువ్వు వాసన ఇంకా వస్తోంది. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, మోకాళ్ళ మీద వెల్లకిలా పెట్టుకుని కూర్చున్నాడు, ఎవరివో అయినట్టు.

డాక్టరమ్మ కాగితాలతో వచ్చింది. ముగ్గురిని పరీక్షించారు. భార్యకి అదే క్రిమి ఉంది. ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది. కంగారు పడొద్దని డాక్టరమ్మ అంది. ఒక పరీక్ష క్రిమి ఉందా అని చూస్తుంది, ఇంకో పరీక్ష అది విషం కక్కుతోందా అని చూస్తుంది. ఈమెలో ఉంది గానీ కక్కడం లేదు. కొత్త పద్ధతిలో రెండూ కలిపి చూస్తేనే జబ్బో కాదో తేలేది, ఈమెకి మందు అక్కర్లేదు, కాకపోతే ఈమెది ఇవ్వడానికి పనికిరాదు. రెండోవాడు ముక్కాయన తమ్ముడు, మందుల షాపతను. ఇస్త్రీ చొక్కా, గోళ్ళ కింద కూడా మచ్చ లేని మనిషి. తుమ్మితే మాత్ర, దగ్గితే మాత్ర. ఆరు వారాల క్రితం కూడా ఏదో యాంటీబయోటిక్ వేసుకున్నాడని రాసిచ్చాడు. అతనూ పనికిరాడు.

"మూడో ఆయన అన్నిట్లో బాగున్నాడు," అంది డాక్టరమ్మ. "మీ బావగారు."

ముక్కాయనకి ఒక్క బావే ఉన్నాడు. అక్క మొగుడు. ఊరంతా ట్యాంకరాయన అంటారు. ఇళ్ళ వెనక సెప్టిక్ గుంతలు నిండితే లారీతో వచ్చి, గొట్టం దించి, లాగి పట్టుకుపోయే మనిషి.

"ఆయన చేసే పనేంటో తెలుసా మీకు?"

"తెలుసు. అందుకే అన్ని పరీక్షలూ రెండుసార్లు చేశాం. మందు మింగి పదకొండేళ్ళయిందట. అలాంటి మనిషి దొరకడం కష్టం ఈ రోజుల్లో."

ఇంకెవరూ లేరా అని అడిగాడు. పెద్ద ఆసుపత్రిలో ముందే పరీక్షించి దాచి ఉంచింది దొరుకుతుంది గానీ వరసలో రెండు నెలలు పడుతుందంది. ఆయన బరువు కాగితం ఆయన వైపే తిప్పింది. ఈ బరువుకి రెండు నెలలు ఆగమని నేను చెప్పలేను అంది. ఇంకోసారి తిరగబెడితే పేగు ఉబ్బుతుంది, ఉబ్బితే కోయాలి, కోసినా ఉంటారని చెప్పలేను అంది. ఆ మాటలు అంటున్నప్పుడు గొంతు పెంచలేదు, దించలేదు.

ముక్కాయన కళ్ళముందు లారీ గొట్టం కనబడింది. దాని అంచున ఎప్పుడూ ఒక చుక్క వేలాడుతూ ఉంటుంది, పడదు.

నర్సు ఇంకో మాట చెప్పింది. ఆ మూడో ఆయన పరీక్షల కాగితం మీద సంతకం పెట్టాడట. ఇచ్చే కాగితం మీద మాత్రం పెట్టలేదట. పరీక్షలకైతే వాళ్ళక్క ఏడుస్తోందని వచ్చాను, ఇచ్చేదీ లేనిదీ వాడే వచ్చి అడిగితే చూస్తాను అన్నాడట.

బయటికొచ్చాక భార్య స్కూటర్ స్టార్టు చేసి, సీటు మీద మడతపెట్టిన తువ్వాలు సర్ది, అడిగింది.

"ఇంటికా, వదిన వాళ్ళింటికా?"

ఆయన ఆ తువ్వాలు వంక చూశాడు. తర్వాత ఎక్కి కూర్చున్నాడు. "ఆ లారీ ఎక్కడుందో కనుక్కో," అన్నాడు.

తొమ్మిదేళ్ళ క్రితం బావకి నాలుగు ఆవులుండేవి. అప్పటికి లారీ పని వారానికి ఒకటి రెండు రోజులే, ఎవరైనా పిలిస్తే. పాలే బతుకుతెరువు. ఒక పొద్దున క్యాను భుజాన పెట్టుకుని తనే ప్లాట్‌ఫారం ఎక్కాడు. వరసలో ముప్పై మంది. మేనేజరు పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ రోజు ముక్కాయన గీసిన ఎర్రమెడతో బావ పాలు ఏడాది ఆగిపోయాయి. ఆరు నెలలకి ఆవులు అమ్ముడుపోయాయి. బావ లారీనే పూర్తిగా పట్టుకున్నాడు. అక్క తమ్ముడి గడప తొక్కడం మానేసింది. తల్లి పోయాక చంకనేసుకుని పెంచిన అక్క. ఎర్రమెడ ఎందుకు పడిందో ముక్కాయన ఎవరికీ చెప్పలేదు. ముక్కు తప్పు చెప్పదని ఊరికి నమ్మకం. అడిగినవాళ్ళూ లేరు.

లారీ ఒక సందులో దొరికింది. సందు సన్నం, రెండువైపులా మేడలు, పైన ఆరేసిన బట్టలు. లారీ రాగానే ఒక్కటి తప్ప కిటికీలన్నీ మూసేశారు. ఒక ఇంటి పక్కన సిమెంటు మూత లేపి, గొట్టం దించి, పంపు పెట్టి ఉంది. గొట్టం మధ్యమధ్య వణుకుతోంది, ఏదో గట్టిది అడ్డం పడి జారినట్టు. గుంత అంచున బొద్దింకలు వరస కట్టి ఎండలోకి ఎక్కుతున్నాయి. బావ మోకాళ్ళ దాకా బూట్లు, మోచేతుల దాకా తొడుగులు, మొహానికి ముసుగు వేసుకుని, గొట్టాన్ని చెవి దగ్గర పెట్టుకున్నట్టు వంగి చప్పుడు వింటున్నాడు. పంపు చప్పుడు బట్టి అడుగు ఎంత దూరముందో తెలుసుకుంటాడట. ఒకాయన ముక్కుతో, ఒకాయన చెవితో. అక్క పెళ్ళైన కొత్తలో ఇంట్లో ఆ మాట అని నవ్వుకునేవాళ్ళు.

వాసన ముక్కాయన ముఖాన కొట్టింది. అందులో ఏమేం ఉన్నాయో ముక్కు విడివిడిగా చెప్పడం మొదలుపెట్టింది. కుళ్ళిన గుడ్డు, పాత సబ్బునురుగు, ఎవరో వేసుకునే మందు, మాగిన ఆకులు. అడక్కుండానే చెబుతూ పోయింది. ఆయన గోడకి చెయ్యి ఆనించాడు.

బావ చూశాడు. పంపు కట్టేశాడు.

"బావా," అన్నాడు ముక్కాయన.

కడుపు మెలిపెట్టింది. ఆసుపత్రిలో కట్టుకొచ్చిన పెద్దవాళ్ళ డైపరు ఆగలేదు. తాడు కట్టిన ప్యాంటు వెంట కాలిజోడులోకి దిగింది. ఆ తియ్యటి వెచ్చటి వాసన గుంత వాసనలోంచి తన్నుకుని పైకి లేచింది. మూడు వీధుల మురికి మధ్యలో నిలబడితే తనదే ఎక్కువ కంపు కొట్టింది. పై మేడలో తెరిచి ఉన్న ఒక్క కిటికీ కూడా అప్పుడు మూసుకుంది.

భార్య పరిగెత్తుకొచ్చింది. బావ చేత్తో ఆగమ్మా అన్నాడు. తొడుగులు మార్చుకుని, బావమరిది భుజం పట్టుకుని లారీ వెనక్కి నడిపించాడు. అక్కడ మంచినీళ్ళ డ్రమ్ము, దానికి కుళాయి, కడ్డీకి వేలాడే సబ్బు ఉన్నాయి. తాడు విప్పాడు. చంటిపిల్లాడికి కడిగినట్టు నడుము నుంచి మడమల దాకా కడిగాడు. మొహంలో ఒక్క గీత కదల్లేదు. విప్పిన ప్యాంటు సంచిలో వేసి మూతి కట్టాడు. డ్రైవరు సీటు కిందినుంచి ఉతికిన ప్యాంటొకటి తీసి ఇచ్చాడు. నేల మీద సున్నం చల్లాడు. తొడుగులు తీసి పారేశాడు. అప్పుడు తన చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు.

ముక్కాయన చూస్తూ కూర్చున్నాడు. బావ వేళ్ళ సందులు, గోళ్ళ అడుగులు, మణికట్టు, మోచెయ్యి, అన్నిచోట్లా సబ్బు రుద్దాడు. కడిగి మళ్ళీ రుద్దాడు. మూడోసారి కూడా. నర్సు చెప్పినట్టే ఉంది, ఇంకా ఎక్కువే. చేతుల చర్మం నానిన కాగితంలా తెల్లబడి, మెటికల దగ్గర చిట్లి ఉంది.

"అడగడానికి వచ్చావు," అన్నాడు బావ. తల ఎత్తలేదు.

"అవును."

"ఊరందరిదీ లాగాను. పెళ్ళింటివీ, చావింటివీ, కలెక్టరువీ. ఎప్పుడూ కడుపు తిప్పలేదు. నాది ఒకడి నోట్లోకి పోతుందని నర్సమ్మ చెప్పినప్పుడు మాత్రం ఛీ అనిపించింది. రెండు రోజులు అన్నం దిగలేదు."

అసహ్యం తనొక్కడిదే అనుకున్నాడు ముక్కాయన అప్పటిదాకా. అవతలివాడికీ ఉంటుందని, అదీ ఈ పని చేసేవాడికి, ఆయనకి తట్టలేదు.

"ఇస్తాను, ఇవ్వను అని కాదు. ఒక్కటి చెప్పు ముందు. ఆ రోజు నా పాలు వాసనొచ్చాయా?"

డ్రమ్ము కుళాయిలోంచి నీళ్ళు సన్నగా పడుతున్నాయి. భార్య స్కూటర్ దగ్గర నిలబడి ఇటే చూస్తోంది. అబద్ధం చెప్పడం తేలికే. ముక్కు మాటకి సాక్ష్యం ఎవరున్నారు? వచ్చాయి అంటే బావ నమ్ముతాడు. రాలేదు అంటే, ఈ మనిషి ఎందుకివ్వాలి? ఇవ్వకపోతే రెండు నెలలు. ఆ రెండు నెలలు తనకి లేవని బరువు కాగితం చెప్పింది.

"రాలేదు," అన్నాడు. "మూత తీశాను. ఆ రోజు దిగినవాటిల్లో అవే మంచి పాలు. వాసన నీ చొక్కాది. అదీ కాస్తే. పక్కన మేనేజరున్నాడు. నువ్వు అందరి ముందూ నన్ను బావమరిదీ అని పిలిచావు."

బావ చేతులు నీళ్ళకింద ఆగాయి.

"పిలవకేం చేస్తాను?"

ముక్కాయన తన కాళ్ళకున్న బావ ప్యాంటు వంక చూసుకున్నాడు.

"రెండుసార్లు స్నానం చేసి వచ్చాను ఆ పూట," అన్నాడు బావ. గొంతు మామూలుగానే ఉంది. "మీ అక్క చెబుతూనే ఉంది పాలల్లో ఏం లేదని. నేనే నమ్మలేదు. నీ ముక్కు అబద్ధం చెప్పదు కదా, నా చేతులే సరిగా కడగలేదనుకున్నాను. తొమ్మిదేళ్ళనుంచి కడుగుతూనే ఉన్నాను."

ఆయన కుళాయి కట్టేశాడు. చేతులు తుడుచుకోకుండా గాల్లో ఆరబెట్టుకుంటూ నిలబడ్డాడు. ముక్కాయనకి ఆ చిట్లిన మెటికలు చూస్తుంటే రోత పుట్టింది. ఈసారి వాసనకి కాదు. తన మీద తనకే పుట్టింది అది. లారీ నీళ్ళతో పోయేది కాదు.

బావ వెళ్ళి పంపు మళ్ళీ పెట్టాడు. ఇంక మాటలేం లేవని ముక్కాయన గోడ పట్టుకుని లేచాడు. స్కూటర్ దాకా వెళ్ళాక పంపు చప్పుడు మీదుగా బావ గొంతు వినిపించింది.

"అమ్మా, ఆ నర్సుకి చెప్పు. పొద్దునైతే నాకు సుఖంగా అవుతుంది. రేపు ఆరింటికి వస్తానను."

తనతో అనలేదు. భార్యతో అన్నాడు.

ఇచ్చినదాన్ని ఆసుపత్రిలో వడగట్టి, గడ్డకట్టించి, గొట్టం మాత్రల్లో నింపారు. మునుపు గొట్టంతో కిందినుంచి పంపేవారట, ఇప్పుడు మాత్రలు కూడా అంత బాగానే పనిచేస్తున్నాయని పరీక్షల్లో తేలిందట. ఏది కావాలని డాక్టరమ్మ అడిగింది. గొట్టం మాట వినగానే ముక్కాయనకి సందులో వణికిన గొట్టం గుర్తొచ్చింది. మాత్రలే అన్నాడు.

మూడు వారాల తర్వాత, బావకి మళ్ళీ పరీక్షలు చేసి, ఈయన చేత మందు మింగించి, ఆపించి, అప్పుడు పిలిచారు. గిన్నెలో ముప్పై మాత్రలు. లావుగా, చల్లగా, పైన మంచు పొగతో ఉన్నాయి. ఊదారంగువి. లోపలిది కనబడకుండా ఆ రంగు పెట్టారని నర్సు అంది. ముక్కాయన ఒకటి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏ వాసనా లేదు. ఉంటే బాగుండేది. తిట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది. వాసన లేనివాటిని నమ్మి మూడు నెలలు తిన్నాడు, ఇప్పుడు వాసన లేనిదాన్నే నమ్మి మింగాలి.

"వాసన చూడకండి, మింగండి. కరిగిపోతే మీకే కష్టం," అంది నర్సు.

మొదటి ఐదూ నీళ్ళతో దిగాయి. ఆరోది నాలుక మీద మెత్తబడినట్టు అనిపించి గబగబా మింగాడు. పన్నెండుకి చెమట పట్టింది. పదిహేడోది గొంతు దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. రెండు చేతులతో నోరు మూసుకుని, కళ్ళవెంట నీళ్ళు కారుతుండగా మళ్ళీ దించాడు. బావ మెటికలు గుర్తు తెచ్చుకున్నాడు. అది ఇంకా అసహ్యంగా ఉంది. దానికన్నా మాత్రే తేలిక. ముప్పై అయ్యాక గంటసేపు కదలకుండా కూర్చోమన్నారు. ఆ గంటంతా ఆయనకి ఒకటే భయం, తేన్పు వస్తుందేమోనని. వచ్చింది. నీళ్ళ తేన్పే. అయినా ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

మూడో రోజు ఆరుసార్లు. ఐదో రోజు మూడుసార్లు. తొమ్మిదో రోజు ఒక్కసారే, అదీ డబ్బాలో పట్టుకెళ్తే ల్యాబువాడు వెనక్కి పంపించేంత గట్టిగా. భార్య తలుపు బయట బకెట్టుతో నిలబడి, ఎలా ఉందని అడిగింది. లోపలినుంచి జవాబు రాకపోయేసరికి కంగారుపడింది. ఆయన లోపల కూర్చుని ఏడుస్తున్నాడు.

ఎనిమిది వారాలు తిరగబెట్టకుండా ఉంటేనే నయమైందనుకుందాం అంది డాక్టరమ్మ. ఎనిమిది గడిచాయి. బరువు పెరిగింది. తాడు పోయి బెల్టు వచ్చింది. డాక్టరమ్మ కాగితం పట్టుకుని ముక్కాయన ప్లాట్‌ఫారం ఎక్కాడు. ట్రక్కులు దిగుతున్నాయి. పాడివాళ్ళు వరసలో ఉన్నారు. ఇద్దరు ముగ్గురు భుజం తట్టారు. మేనేజరు కుంచె చేతికిచ్చాడు.

ఆయన కుంచె పట్టుకుని, తొమ్మిదేళ్ళ క్రితం తన బావ పాలకి గీసిన ఎర్రమెడ అబద్ధమని, పాలు మంచివేనని, అందరికీ వినబడేటట్టు చెప్పాడు. ఎక్కువ మాటలు వాడలేదు. చెబితే కాస్త తేలికపడతానేమో అనుకున్నాడు.

క్యాన్ల చప్పుడు ఆగింది. వరసలో వెనకనుంచి ఒక ముసలావిడ అడిగింది, అరవలేదు, మామూలుగానే.

"మరి మాదో?"

ఆమెది నాలుగేళ్ళ క్రితం. మొగుడు మంచాన ఉన్న ఏడాది. ఆమె క్యానుకి ఎందుకు గీశాడో ముక్కాయన ఆలోచించాడు. పుల్లవాసన అని గుర్తు. నిజంగా పుల్లవాసనేనా, లేక ఆమె చీర నుంచి రోగి మంచం వాసన వచ్చిందా? ఎంత తవ్వినా తేలలేదు. ముక్కు మాట్లాడలేదు. ఆమె కాసేపు చూసి మొహం తిప్పుకుంది. ఆమె వెనకున్నవాళ్ళ మొహాల్లో ఆయనకి బాగా తెలిసిన ముడత ఒకటి కనబడింది. మూత తీసినప్పుడు తన మొహంలో పడే ముడతే.

కుంచె మేనేజరు చేతిలో పెట్టేసి దిగివచ్చాడు. గేటు బయట భార్య స్కూటర్ మీద కూర్చుని ఉంది. వదిన మధ్యాహ్నం భోజనానికి రమ్మంది అని చెప్పింది. ఎవర్ని అని అడిగాడు. ఇద్దర్నీ అంది.

అక్క ఇంటి ముందు లారీ నిలబడి ఉంది. గొట్టం చుట్టచుట్టి కొక్కేనికి వేలాడదీశారు. అంచున చుక్క ఉంది. గడప పక్కన ఒక పాత పాల క్యాను, మెడచుట్టూ వెలిసిన ఎర్రగీతతో. దానికి అడుగున కుళాయి బిగించి ఉంది. పైన తాడుకి సబ్బు.

అక్క తలుపులోంచి చూసింది. కాళ్ళూ చేతులూ కడుక్కో అంది. చిన్నప్పుడు బడినుంచి వస్తే అన్నట్టే.

ముక్కాయన క్యాను కుళాయి తిప్పాడు. సబ్బు తీసుకున్నాడు. వేళ్ళ సందులు, గోళ్ళ అడుగులు, మణికట్టు, మోచెయ్యి. కడిగి మళ్ళీ రుద్దాడు. వాసన చూసుకోలేదు.

లోపల నలుగురికీ కింద పళ్ళేలు వేసి ఉన్నాయి. బావ ముందే కూర్చున్నాడు. ముక్కాయనకి పక్కనే చోటుంది. కూర్చోగానే ముక్కు తన పని మొదలుపెట్టింది. సబ్బు, సబ్బు కింద సున్నం, సున్నం కింద గుంత. కిటికీలోంచి లారీ. గొంతులోకి ఏదో ఎక్కింది. మింగాడు. అక్క అన్నం వడ్డించింది, కూర వేసింది. బావ చిట్లిన వేళ్ళతో ముద్ద కలిపాడు. ముక్కాయన కూడా కలిపాడు. అక్క పెరుగు గిన్నె తమ్ముడి వైపు జరిపింది. ఆయన తను వేసుకుని బావ వైపు జరిపాడు. బావ వేసుకున్నాడు.

నలుగురూ పళ్ళెం ఖాళీ అయ్యేదాకా తిన్నారు.